మూడో చరణంలోని గొంతు

పటమటలోని ఆ ఇంటి ముందుగదిలో ఆదివారం పొద్దున్న ముగ్గురు మగవాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్ర కాదు, ధ్యానం అంతకన్నా కాదు. పాట వింటున్నారు. రాజ్యలక్ష్మి కాఫీ పళ్ళెంతో వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, కాఫీ ఒలికితే తుడవాల్సింది ఆమే కాబట్టి.

అక్కడ జరుగుతున్నది ముల్లు ఎంపిక. రికార్డు ప్లేయరు చెయ్యి చివర బొటనవేలి కణుపంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని కాట్రిడ్జ్ అంటారు. దాని అడుగున కంటికి ఆనీ ఆననంత ముల్లు. రికార్డు ప్లేటు మీది గీతల్లో ఇరుక్కున్న పాటను ఆ ముల్లే బయటికి లాగాలి. అది మొద్దుదైతే బీరువాలంత స్పీకర్లు పెట్టినా మొద్దు పాటే వస్తుంది. మేలురకం కాట్రిడ్జ్‌లు రెండు, ఒకటి డెన్మార్క్‌ది, ఒకటి జపాన్‌ది, గుణదలలో ఆడియో సామాను అమ్మే బాలశౌరి ఇంటికి తెచ్చాడు. రెండూ విని నచ్చింది ఉంచుకోవచ్చు, రెండోది తను పట్టుకుపోతాడు. ఏది ఉంచుకున్నా, దానికయ్యే డబ్బుతో ఒక స్కూటరు కొనుక్కోవచ్చు.

ఆ డబ్బు రాజ్యలక్ష్మిది. కంకిపాడులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి, గొంతు అరగదీసుకుని, మొన్ననే రిటైరై వచ్చిన డబ్బు. బాలశౌరికి ఫోను చేసింది ఆమె. ఏం కావాలో చెప్పింది ఆమె. అయినా బాలశౌరి వచ్చీ రాగానే పెట్టెలు తెరిచి చూపించింది మాత్రం ఆమె భర్త వెంకటసుబ్బారావుకు. ఆమెతో అన్నది ఒక్కటే. "మేడమ్‌గారూ, కాస్త మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

వెంకటసుబ్బారావు ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు. ఎవరికీ హాని తలపెట్టడు, ఎవరి మాటా కాదనడు, ఒక్క పెళ్ళాం మాట తప్ప. ఆయన పిలవగా వచ్చిన మూడో మనిషి గంగాధర్. కైకలూరు నుంచి లారీల కొద్దీ చేపలు ఎగుమతి చేస్తాడు. ఇంట్లో ఒక గదికి గదే పాటలకు కేటాయించుకున్నాడు గనక సౌండు విషయంలో వెంకటసుబ్బారావుకు ఆయన మాటే వేదం. ఇద్దరూ కలిసి పొద్దుటినుంచీ సినిమా పాటలే వేయిస్తున్నారు. డప్పు దరువు పడ్డప్పుడల్లా కిటికీ అద్దాలు జణజణమంటున్నాయి.

"అదీ! బేసంటే అదీ! గుండెల మీద కొట్టినట్టు లేదూ?" అన్నాడు గంగాధర్ కళ్ళు తెరవకుండా.

రాజ్యలక్ష్మికి కావలసింది బేసు కాదు. బాలశౌరికి ఫోనులోనే చెప్పింది. "మూడో చరణం స్పష్టంగా వినిపించే ముల్లు కావాలి." ఏ పాటలో మూడో చరణమండీ అని అతను అడగలేదు. పక్కనే ఉండి విన్న మొగుడూ అడగలేదు. అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

ఆ మూడో చరణం కథ కంకిపాడులో మొదలైంది. రాజ్యలక్ష్మి రైతుబిడ్డ. శనివారం శనివారం రామాలయంలో భజన జరిగేది. అందులో ఆమె గొంతు పైకి లేస్తే రోడ్డు మీద బండి తోలుకుపోయేవాడు కూడా ఓ క్షణం ఎడ్లను ఆపేవాడట. ఆ ఊరి రైసుమిల్లు యజమాని తన తండ్రి పేరు మీద భజన పాటల రికార్డు ఒకటి వేయించాలని సంకల్పించాడు. ప్రధాన గాయని ఎవరు? ఆయన మరదలు. ఎందుకు? ఆయన మరదలు కాబట్టి. వంత పాడటానికి ఊళ్ళో ఆడపిల్లలు నలుగురు, వాళ్ళలో రాజ్యలక్ష్మి ఒకతె. అందరూ రైలెక్కి మద్రాసు వెళ్ళారు.

స్టూడియోలో అన్నీ సవ్యంగానే నడిచాయి, చివరి పాట దాకా. ఆ పాట మూడో చరణంలో ఒక పాదం ఉన్నట్టుండి పై స్థాయికి ఎగురుతుంది. మరదలిగారి గొంతు అక్కడికి ఎక్కలేదు. మొదటిసారి పగిలింది. మంచినీళ్ళు తాగి పాడితే మళ్ళీ పగిలింది. మిరియాల పాలు తెప్పించారు, ఫ్యాను ఆపించారు, దేవుడికి దండం పెట్టించారు. గొంతు ఎక్కందే ఎక్కలేదు. అద్దం వెనక కూర్చున్న సౌండింజనీరుకు విసుగొచ్చి, స్టూడియో అద్దెకు తీసుకున్న సమయం అయిపోతోందని హెచ్చరించి, రాజ్యలక్ష్మి వైపు వేలు చూపించాడు. "ఆ అమ్మాయిని పాడమనండి, ఆ ఒక్క లైను."

పాడింది. ఒక్కసారే. రెండోసారి అక్కర్లేకపోయింది.

తిరుగు రైల్లో మిల్లు యజమాని చేగోడీల పొట్లం చేతికిచ్చి, "అమ్మాయ్, ఇది మనలో మన మాట" అన్నాడు. రికార్డు వచ్చింది. అట్ట మీద మరదలిగారి ఫొటో, పట్టుచీర, నెక్లెసు, ఫొటో కింద పెద్ద అక్షరాల్లో పేరు. దాని కింద ఎక్కడో 'బృందం' అని ఒక ముక్క. బృందానికి ముఖాలుండవు, తల్లిదండ్రులు పెట్టిన పేర్లుండవు.

అంతటితో పోతే రాజ్యలక్ష్మి కూడా మరిచిపోయేదేమో. పెళ్ళిచూపుల్లో అబ్బాయి అక్క దుర్గ, "అమ్మాయి పాడుతుందా?" అని అడిగింది. అలవాటుగా అడిగే ప్రశ్నే. పిల్ల ఏదో ఒకటి కూనిరాగం తీస్తే చాలు, జంతికలు తినడంలో పడిపోతారు. రాజ్యలక్ష్మి ఆ మూడో చరణం పాడింది. "ఈ పాట రికార్డు మా ఇంట్లో ఉంది కదూ!" అంది దుర్గ. "ఆ రికార్డులో ఈ లైను పాడింది నేనేనండి" అంది రాజ్యలక్ష్మి. ఇరవై రెండేళ్ళ పిల్ల. నిజం చెబితే నమ్ముతారని అప్పటికి ఆమెకు అనుమానం లేదు.

ఆడపడుచు ఊరుకుంటుందా? పెళ్ళినాడు విడిదింటి నుంచి ఆ రికార్డు పట్టుకొచ్చి, పెళ్ళిపందిట్లో మైకు సెట్టువాడి చేతికిచ్చి, "వెయ్యవయ్యా, మా పెళ్ళికూతురి పాటట, విందాం" అంది. ఆ సెట్టు ముల్లు మాఘమాసం మొదలు ఊరూరా పెళ్ళిళ్ళన్నీ తిరిగి అరిగి మేకులా మొద్దుబారిపోయింది. దాని పాట వినిపించేది కొబ్బరిచెట్టుకు కట్టిన రేకు గొట్టంలోంచి. అందులో పెళ్ళిమంత్రాలూ పాలకేంద్రం ప్రకటనా కూడా ఒక్కలాగే వినిపిస్తాయి. బాసికం కట్టుకుని పీటల మీద కూర్చున్న రాజ్యలక్ష్మి తల వంచుకుని తన మీద తీర్పు కోసం ఎదురుచూసింది. మూడో చరణం వచ్చింది, పోయింది.

"ఒకటే గొంతు కదే! ఇందులో నువ్వెక్కడున్నావే?" అంది దుర్గ. పందిరంతా నవ్వింది.

ముందు వరసలో మిల్లు యజమాని కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన తమలపాకు ఈనె తీసుకుంటూ ఉండిపోయాడు. ఆమెతో మద్రాసు వెళ్ళొచ్చిన ముగ్గురు పిల్లలూ అక్కడే ఉన్నారు. వాళ్ళ నాన్నలు ధాన్యం తోలేది ఆ మిల్లుకే. వాళ్ళూ నోరు విప్పలేదు. మనిషి నోటి మాటకు సాక్షులు దొరకలేదు, అరిగిన ముల్లు సాక్ష్యమే చెల్లింది. ఇంతకన్నా అన్యాయం ఏ కోర్టులో జరుగుతుంది?

ఆనాటి నుంచీ అత్తింట్లో ఆమె పేరు 'ప్లేటు రాజ్యం'. సీమంతాలకు, గృహప్రవేశాలకు, అన్నప్రాసనలకు ఎవరో ఒకరు ఎత్తుకోవడం, అందరూ నవ్వడం. "మా రాజ్యాన్ని పాడమనకండర్రా, ప్లేటు అరిగిపోద్ది!" తోడికోడళ్ళు నవ్వారు, వాళ్ళ పిల్లలు నవ్వారు, చివరికి ఆ పిల్లలకు పుట్టిన పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. హాస్యానికే అనుకోండి. ముల్లు గుచ్చుకునేది ఎవరికో వాళ్ళకే తెలుస్తుంది.

అందరికన్నా ఎక్కువగా ఒళ్ళు మండించింది వెంకటసుబ్బారావే. ఆయన ఎప్పుడూ నవ్వలేదు. కాదనీ అనలేదు. కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె ఏడుస్తూ జరిగిందంతా చెబితే, వీపు నిమిరి, "నువ్వే పాడావేమోలే" అన్నాడు. ఏమోలే! అబద్ధమని మొహాన అనేసినా బాగుండేది, దెబ్బలాడి ఉండేది. ఆ 'ఏమోలే'తో ఎవరు దెబ్బలాడగలరు? దిండుతో కుస్తీ పట్టినట్టు ఉంటుంది.

ఇన్నేళ్ళలో రాజ్యలక్ష్మి ఆ రికార్డును ఎన్ని ప్లేయర్ల మీద వేసి చూసిందో! ఆ పాట ప్లేటుకు చివర ఉంది. లోపలికి వచ్చేకొద్దీ ముల్లుకు పని కష్టమవుతుంది, సన్నని పై స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. ఎక్కడ విన్నా మూడో చరణం గంజిలో తడిపిన గుడ్డలాగే వినిపించింది. మంచి ముల్లైతే గొంతును గొంతుగా తీస్తుందని ఎక్కడో చదివింది. అందుకే ఈ ఖర్చు. ఒక్కసారి, కనీసం తన చెవికైనా, తను అబద్ధాలకోరు కాదని వినిపించాలి. ఆమెకు ఈ వ్యవహారంలో అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

కాఫీ పళ్ళెం ఆంప్లిఫయరు మీద పెట్టబోతే ముగ్గురూ ఒక్కసారి కళ్ళు తెరిచి, "అమ్మో, అక్కడ కాదు!" అన్నారు. పళ్ళెం కింద పెట్టి, లోపలికి వెళ్ళి, పాత రికార్డు తెచ్చి బాలశౌరికి అందించింది.

"ఇది వెయ్యండి. చివరి పాట."

"భజన ప్లేటుతో ఏం తెలుస్తదక్కా?" అన్నాడు గంగాధర్. "డప్పు పడాల, అప్పుడు గదా కాట్రిడ్జ్ సత్తా బయటపడేది."

"తర్వాత వేద్దాంలే రాజ్యం," అన్నాడు వెంకటసుబ్బారావు. "వాళ్ళు సీరియస్‌గా టెస్టు చేస్తున్నారు."

"నా ముల్లు, నా ప్లేటు, నా డబ్బు. నా టెస్టు ఇప్పుడే చెయ్యాలి," అంది రాజ్యలక్ష్మి. గొంతు పెంచలేదు. క్లాసులో వెనక బెంచీవాళ్ళతో మాట్లాడినప్పటి గొంతు అది. బాలశౌరి మారుమాట లేకుండా రికార్డు తుడిచి పెట్టాడు.

ముందు డెన్మార్క్‌ది. పాట మొదలవుతూనే గది మెత్తబడింది. మరదలిగారి గొంతు పాకం పట్టినట్టు సాగింది. రాజ్యలక్ష్మి గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. మూడో చరణం వచ్చింది. పై పాదం వచ్చింది. అదే పాకం, అదే గొంతు, మొదలు నుంచి చివర దాకా ఒక్కటే. పందిట్లో విన్న పాటే, కాకపోతే ఇంకా తియ్యగా. 

"తేనె!" అన్నాడు గంగాధర్. "ఇదే తీసుకోండి బావగారూ, కళ్ళు మూసుకుని తీసుకోండి."

"రెండోది కూడా వెయ్యండి," అంది రాజ్యలక్ష్మి.

"దాన్ని ఇందాకే పక్కన పెట్టాం కదక్కా. బేసు లేదు దాంట్లో, మరీ పల్చన."

"వెయ్యండి."

బాలశౌరి జపాన్‌ది బిగించాడు, చిన్న త్రాసు మీద ముల్లు బరువు సరిచూశాడు, ప్లేయరు చెయ్యి దించాడు. ఈసారి గది మెత్తబడలేదు, తెల్లవారినట్టయింది. చిడతలు చిడతల్లా మోగాయి. వంత పాడే నలుగురు ఆడపిల్లలు నలుగురుగా విడిపోయి నిలబడ్డారు. మరదలిగారి గొంతులో అప్పుడే అలసట తెలిసిపోతోంది. రెండో చరణం అయింది. మూడోది మొదలైంది. పై పాదానికి ముందు ఎవరో గబుక్కున ఊపిరి పీల్చుకున్నారు, అంతకుముందు లేని ఊపిరి. ఆ వెనకే గొంతు లేచింది. నలభై ఏళ్ళ మరదలిగారి గొంతు కాదు. పల్లెటూరి పిల్ల గొంతు, భయమూ అదురూ లేకుండా నేరుగా పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, మళ్ళీ దిగింది. తర్వాతి పాదం నుంచి మళ్ళీ మరదలుగారు.

రాజ్యలక్ష్మి గుమ్మం వదిలి ఓ అడుగు ముందుకు వేసింది. అది తనే. తన ఊపిరే.

"ఆగండాగండి!" గంగాధర్ చెయ్యెత్తాడు. "ఇక్కడేదో తేడా కొడతంది. విన్నారా? ఆ ఒక్క లైన్లో గొంతే మారిపోయింది."

"అవునండీ, నాకూ అట్టాగే అనిపించింది," అన్నాడు వెంకటసుబ్బారావు. సోఫా అంచుకు జరిగి కూర్చున్నాడు. "మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశారు. మళ్ళీ అదే ఊపిరి, అదే పిల్ల.

"చూశారా! ఎవరో వేరే మనిషి పాడినట్టుంది," అన్నాడు వెంకటసుబ్బారావు, చెవి మీద నమ్మకంతో తల ఊపుతూ. "డెన్మార్క్‌దాంట్లో ఎంచక్కా ఒకే గొంతు వచ్చింది. దీంట్లో లోపం ఉంది."

బాలశౌరి మొహం చిన్నబోయింది. ముల్లు వంపు చూశాడు, బరువు మళ్ళీ తూచాడు, మూడోసారీ వేశాడు. పిల్ల మారలేదు. "సారీ అండీ, ఇట్టాంటిది నేనెప్పుడూ చూడలేదు. పీసే డిఫెక్టు అయ్యుంటది. తిప్పి పంపేస్తాను. డెన్మార్క్‌ది బిల్లు రాసెయ్యనా సార్?"

"రాసెయ్యండి," అన్నాడు వెంకటసుబ్బారావు.

రాజ్యలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత తన గొంతు ఆ ఇంట్లో వినబడితే, దాన్ని లోపమంటున్నారు! తిప్పి పంపేస్తారట! అప్పుడు రేకు గొట్టంలో వినబడలేదని అబద్ధమన్నారు, ఇప్పుడు వినబడినా డిఫెక్టంటున్నారు.

"ఏమన్నారు?" అని మొగుడిని అడిగింది. "ఇందాక ఏమన్నారో ఇంకోసారి అనండి."

"లోపం ఉందన్నాను."

"అంతకుముందు."

"వేరే మనిషి పాడినట్టుందన్నాను."

"ఎట్టాంటి మనిషి?"

"ఎట్టాంటి అంటే... చిన్నపిల్లలా ఉంది. పల్లెటూరి..." అని ఆగిపోయాడు వెంకటసుబ్బారావు. ప్లేయరు మీది రికార్డు వైపు చూశాడు. కింద పడున్న అట్ట వైపు చూశాడు. దాని మీది పట్టుచీర ఆవిడను ఈ జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది. "రాజ్యం..."

"ఆ! రాజ్యమే! నేను నోరు తెరిచి చెబితే 'ఏమోలే' అన్నారు. కన్నీళ్ళు పెట్టుకుని చెబితే వీపు నిమిరారు. ఇవాళ ఈ ముల్లు చెబితే ఒక్క క్షణంలో 'అవునండీ' అన్నారే! నాతో కాపరం చేశారా, దీంతో చేశారా? పెళ్ళాం నోటి కన్నా జపాన్‌వాడి ముల్లు మీద నమ్మకమెక్కువా మీకు?"

గంగాధర్‌కు ఆ కథంతా తెలియదు గానీ, కాఫీ గ్లాసులోకి తల దించుకోవాల్సిన సమయమని మాత్రం తెలిసింది. చల్లారిపోయిన కాఫీని వేడిగా ఉన్నట్టు ఊదుకుంటూ తాగాడు.

"అయ్యా బాలశౌరిగారూ," అంది రాజ్యలక్ష్మి. "జపాన్‌ది ఉంచండి. ఆ డిఫెక్టుతోనే కావాలి నాకు. బిల్లు నా పేరు మీద రాయండి. బృందం అని రాయకండి, పూర్తి పేరు రాయండి."

"అట్టాగేనండి మేడమ్‌గారూ," అన్నాడు బాలశౌరి, పొద్దుటినుంచీ మొదటిసారి ఆమె మొహంలోకి చూస్తూ.

ఇక్కడితో వెంకటసుబ్బారావు నోరు మూసుకుని ఉంటే ఎంత మర్యాదగా ఉండేది! ఆయనకు తప్పు తెలిసింది, నిజమే, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కానీ ఏళ్ళ తరబడి తన చెవిని చూసుకుని మురిసిపోయిన మనిషి. ఆ ఉత్సాహం పశ్చాత్తాపం కన్నా ముందు పరుగెత్తింది. జేబులోంచి ఫోను తీసి భవానీపురంలో ఉన్న అక్కకు కలిపాడు.

"అక్కా! ఆ ప్లేట్లో పై లైను పాడింది మన రాజ్యమేనే! నిజం! నేను కనిపెట్టాను. వినీ వినగానే పట్టేశాను, గొంతు మారిందని. గంగాధర్‌గారు సాక్ష్యం."

నేను కనిపెట్టాను! సొమ్మొకడిది, సోకొకడిది. ఈమె పాడి, ఈమె మాటపడి, ఈమె డబ్బు పెట్టి ముల్లు తెప్పిస్తే, కనిపెట్టింది ఆయనట. రాజ్యలక్ష్మి రెండంగల్లో వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది.

అవతల దుర్గ నవ్వుతోంది. పాత నవ్వు కాదు, కాస్త ఇబ్బందిగా ఉంది. "ఏంటే రాజ్యం, నిజంగా నువ్వేనా? ఎన్ని మాటలన్నామే నిన్ను! పోన్లే, మా తమ్ముడు చెబుతున్నాడు గాబట్టి నమ్ముతున్నా."

"వద్దు వదినా," అంది రాజ్యలక్ష్మి. "మీ తమ్ముడు చెప్పాడని నమ్మకండి."

"అదేంటే! మరి వచ్చే ఆదివారం వస్తాను, ఆ కొత్త ముల్లు పెట్టి నాకూ వినిపించు. చెవులారా విని అందరికీ నేనే చెబుతాను."

రాజ్యలక్ష్మి ప్లేయరు వైపు చూసింది. రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది. ముల్లున్న చెయ్యి ఎత్తి పక్కన పెట్టింది.

"రండి వదినా. భోజనానికే రండి. కానీ రికార్డు వినిపించను. ఆ లైను పాడింది నేనని నా నోటితో చెబుతాను. నమ్మితే అది విని నమ్మండి."